డెమోలో గొంగడి ముసలాయన

దయ్యాల కబుర్లు మొదలైతే మా ఇంట్లో ముందు నన్ను బయటికి పంపేవాళ్లు. ఎందుకంటే నేను ఊరుకోను. "నువ్వు చూసినవా? మరెవరు చూసిండ్రు? వాళ్లను పిలువు, నేను అడుగుత" అని చెప్పేవాళ్ల వెంట పడి, చివరికి వాళ్లే విసుక్కుని లేచిపోయేదాకా వదిలేవాణ్ని కాదు. చిన్నప్పుడు ఈ నోటికి దెబ్బలు కూడా తిన్నాను.

ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. నమ్మకం కుదిరిందని ఇది రాయడం లేదు. నమ్మలేక, కాదనలేక నలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను. చదివిన వాళ్లలో ఎవరికైనా నాకంటే మంచి తెలివి ఉంటే సంతోషమే.

నా పేరు శీను. వనపర్తిలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. వాటితోపాటు నాకొక పిచ్చి ఉంది. కొత్తగా వచ్చే వీడియో గేములు ఆడుతూ, మాట్లాడుతూ, రికార్డు చేసి నా ఛానల్లో పెడతాను. ముఖ్యంగా డెమోలు. డెమో అంటే మొత్తం గేము అమ్మకానికి రాకముందు రుచి చూడమని ఇచ్చే చిన్న ముక్క. మొదటిసారి ఆడుతున్నప్పుడు నాకు ఏమనిపిస్తే అది అక్కడికక్కడే అనేస్తాను. బాగుంటే బాగుందంటాను, లేకపోతే తిడతాను. నిజం చెప్పాలంటే నా ఛానల్ చూసేవాళ్లు తిట్ల కోసమే వస్తారు.

మాది బల్మూర్ దగ్గర ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. నేను చదువు పేరు చెప్పి తప్పించుకున్నాను, మా అన్న మల్లేశ్ మంద పట్టుకున్నాడు. అమ్మ పోయినప్పటి నుంచి నాకు అన్నం పెట్టింది మా వదిన చెన్నమ్మ. నన్ను శీను అని పిలవదు, మరిదీ అనే పిలుస్తుంది. కోపం వస్తే మాత్రం "ఓ పెద్దసారూ" అంటుంది. ఈ గేముల గోల మా ఇంట్లో ఓపికగా విన్నది ఆమె ఒక్కతే. "కత్తి తిప్పుతవు, సస్తవు, మళ్ల లేస్తవు. ఏం ఆటనో ఏమో" అంటూనే పక్కన కూర్చుని చూసేది.

మా వైపు మందలవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఎండాకాలం ఊళ్లో గడ్డిపోచ దొరకదు. కృష్ణలో డ్యాం వెనక నీళ్లు మాత్రం వెనక్కి తగ్గి, సోమశిల పక్కన మైళ్ల కొద్దీ నేల తేలుతుంది. తడి నేల కదా, పచ్చగా గడ్డి వస్తుంది. మందలన్నీ అక్కడికి దిగుతాయి. డ్యాం కట్టినప్పుడు మునిగిపోయిన ఊళ్ల దిబ్బలు కూడా అప్పుడే బయట పడతాయి. దిబ్బ ఎత్తుగా ఉంటుంది కాబట్టి మందను రాత్రి దాని మీద పడుకోబెడతారు. వానలు పడి పైనుంచి నీళ్లు వచ్చే ముందు సామాను ఎత్తుకుని ఊళ్లకు మళ్లుతారు.

నీళ్లు వచ్చేది ఎలా తెలుస్తుంది? మైకులో చెబుతారు, ఫోన్లలో మెసేజీలు వస్తాయి. అయినా మా వాళ్లు నమ్మేది గొర్రెను. కొత్త నీళ్లు ఎర్రగా, బురద వాసనతో వస్తాయి. ఆ వాసన తగిలితే గొర్రె మూతి పెట్టదు. గొర్రె నీళ్లు మానేసిన రోజే సామాను కట్టుకుంటే చాలు, ఇంకా బోలెడు పొద్దు ఉంటుందని లెక్క. మా తాత కాలం నుంచీ ఇదే పద్ధతి. ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ ముప్పు రాలేదు.

ఇది జరిగిన ఏడు మిగతా మందలు మళ్లిపోయినా మా అన్న కదల్లేదు. గడ్డి ఇంకా ఉందన్నాడు. వదిన కూడా అతనితోనే ఉంది. ముందు రోజు ఫోన్ చేసి, మైకులో చెప్పారట కదా, బయలుదేరండి అని గట్టిగానే అన్నాను.

"గొర్లు కడుపు నిండ తాగుతున్నయిరా. నువ్వు పరేషాన్ కాకు, నీ కంప్యూటర్ల సంగతి నువ్వు చూసుకో" అని నవ్వాడు.

మరునాడు ఆదివారం. స్టూడియోకు సెలవు. పొద్దున టిఫిన్ తిని గదిలో కూర్చున్నాను. కొత్త డెమో ఒకటి రాత్రే డౌన్‌లోడ్ పెట్టి ఉంచాను. గేము పేరు చెప్పను, తయారు చేసినవాళ్లు ఎక్కడో దూరదేశం వాళ్లు. కత్తులు, ఈటెలు, తప్పించుకుని దొర్లడాలు, దెబ్బ తగిలితే తగ్గే ఎర్ర గీత, ఆ బాపతు ఆట. రికార్డింగ్ నొక్కి ఆడటం మొదలుపెట్టాను.

మొదట మంచిమాటలే చెప్పాను. వాన చప్పుడు చాలా బాగుంది. చేతిలో ఈటె బరువు తెలుస్తోంది, తిప్పితే ఒళ్లు కూడా దానితో తిరుగుతోంది. ఆటలో నేను నడిపే మనిషి ఒక వీరురాలు. ఆమె బట్ట తడిసి ఒంటికి అంటుకున్న తీరు చూసి భేష్ అన్నాను. కెమెరా మాత్రం దరిద్రం. గోడ పక్కకు పోతే మనిషి కనబడదు, గోడే కనబడుతుంది. తోడేలు తలల జంతువులు మీద పడుతుంటే నేను రాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలా? ఈ మాట రికార్డింగులో ఉంది.

ఆట మొదలయ్యేది ఒక దిబ్బ మీద. పాత కోట గవిని, అంటే పెద్ద ద్వారం, ఒకటి కూలిపోయి ఉంటుంది. చుట్టూ నీళ్లు. జంతువుల్ని చంపేలోపు నీళ్లు పైకి వస్తుంటాయి. ఎదురుగా ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, పెద్ద దూరం కాదు. ఎవరైనా ఏం చేస్తారు? అటే ఉరుకుతారు. నేనూ ఉరికాను. నడుము దాకా వచ్చాయి, మెడ దాకా వచ్చాయి, తర్వాత కింద నేలే లేదు. వీరురాలు మునిగిపోయింది. మళ్లీ మొదటి నుంచి.

మళ్లీ ఉరికాను, మళ్లీ మునిగింది. కొంచెం ఎడమగా పోయాను, మునిగింది. కొంచెం కుడిగా పోయాను, అదే కథ. ఎటు పోవాలో ఒక గుర్తు లేదు, ఒక మాట లేదు. నాకు మండిపోయింది. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

అప్పుడు కనిపించాడు ముసలాయన.

గవిని పక్కన ఒక రాతి స్తంభం ఒంగి ఉంటుంది, నెత్తిన గుండ్రటి బొక్క. దానికి ఆనుకుని నిలబడ్డాడు. నల్ల గొంగడి నెత్తి మీదుగా కప్పుకున్నాడు, చేతిలో కట్టె. ముందు నాకు నవ్వొచ్చింది. ఆ దేశం వాళ్లకు గొంగడి ఎవరు చూపించారు అన్నాను. తర్వాత, అబ్బ, బొమ్మ బాగా చేశారు అన్నాను. ఆ రెండు మాటలూ రికార్డింగులో ఉన్నాయి.

ఆయన కట్టె ఎత్తి నన్ను రమ్మన్నట్టు ఊపి, ఒడ్డుకు వీపు పెట్టి అటువైపు నీళ్లలో దిగాడు. ఒడ్డు వదిలి వెనక్కి పోతాడేమిటి, పిచ్చా అంటూనే వెంట పోయాను. చిత్రం, అక్కడ నీళ్లు మోకాలు దాటలేదు. కొంత దూరం నేరుగా పోయాడు. నీళ్లలోంచి గానుగ రాయి ఒకటి గుండ్రంగా తేలి ఉంది. దాని దగ్గర కుడికి తిరిగాడు. ఎదురుగా రెండు గుట్టలు, వాటి మధ్య సందు. ఆ సందుకేసి చూస్తూ నడిచాడు. ఒకచోట నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. అక్కడ ఆయన ఆగలేదు, ఎడమకు ఒరుసుకుంటూ దాటాడు. నేనూ దాటాను. ఒడ్డెక్కాను. తెర నల్లబడి గేము పేరు పడింది. డెమో అయిపోయింది.

రికార్డింగ్ ఆపి, బయటికి పోయి టీ తాగి వచ్చాను. ఫైలు తెరవబోతుంటే ఫోన్ మోగింది. మా అన్న.

"తమ్మీ, పుట్టి నర్సింహ నంబరున్నదా నీ తాన?"

పుట్టి అంటే చేపలవాళ్లు తిరిగే గుండ్రటి తెప్ప. నర్సింహ సోమశిల దగ్గర చేపలు పడతాడు, మాకు తెలిసినవాడే. అన్న గొంతు చాలా నెమ్మదిగా ఉంది. మా అన్న మామూలుగా అరిచే మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడాడంటే ఏదో అయిందన్నమాటే.

సంగతి ఇది. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య ఒక పల్లం ఉంది. నది పెరిగి, ఆ నీళ్లు కింద నుంచి ఆ పల్లంలోకి వెనక్కి ఎక్కాయి. అవి నిలవ నీళ్లు, తేటగా ఉన్నాయి. ఎర్ర నీళ్లు ఇంకా రాలేదు, వాసన లేదు. గొర్రెలు పొద్దున కూడా హాయిగా తాగాయి. వాళ్లు తలెత్తి చూసేసరికి వెనక దారి లేదు. దిబ్బ చుట్టూ నీళ్లే.

నర్సింహకు ఫోన్ చేశాను. "గాలి మస్తుగున్నది శీనూ, పుట్టి గిర్రున తిరుగుతుంది. జర తగ్గంగనే వస్త. నీళ్లు ఆగుతలేవు, ఆడ ఉండొద్దని చెప్పు" అన్నాడు. పోలీసులకు చెప్పాను. వాళ్లు వెంటనే పలికారు, మోటారు పడవ పంపుతున్నామన్నారు. కానీ అది దూరం నుంచి రావాలి.

మళ్లీ అన్నకు చేశాను. ఎక్కడున్నారు, ఏం కనబడుతోంది అని అడిగాను.

"పాత గవిని గోడ మీదున్నం. సగం దిబ్బ మునిగె. ఒక రాయి ఉన్నది గద, వంగిన రాయి, నెత్తిన బొక్క, దాని మొదట్ల దాంక ఒచ్చినయి నీళ్లు. ఎదురుగ ఒడ్డు కనబడ్తనే ఉన్నది. నడుము లోతు ఉంటది, అంతే. మీ వదిన చెయ్యి పట్టుకొని సీదా పోత."

మా వదినకు ఈత రాదు.

నా ఎదుట కంప్యూటర్ తెర మీద డెమో మొదటి బొమ్మ ఉంది. కూలిన గవిని. ఒంగిన స్తంభం, నెత్తిన బొక్క. నేను ఆ దిబ్బ మీదికి ఎప్పుడూ పోలేదు. మందతో నేను ఏనాడూ పోలేదు కదా.

"సీదా పోకు!" అని అరిచాను. "అన్నా, నీ కాళ్లు మొక్కుత, సీదా పోకు. ఆడ నేల లేదు."

"నీకెట్ల తెలుసు?"

అబద్ధం చెప్పడానికి ఏదీ తోచలేదు. ఉన్నదే చెప్పాను. పొద్దున ఆడిన ఆటలో అచ్చం ఇలాంటి దిబ్బే ఉందని, నేరుగా పోయిన ప్రతిసారీ మునిగానని, వెనకవైపు నుంచి దారి ఉందని.

"ఆటనా? నీ ఆట మన్నుబడ! ఈడ పానం మీదికొస్తే నీకు ఆటలు యాదికొస్తున్నయారా?" అన్నాడు. ఇప్పుడు అరిచాడు. అతన్ని తప్పు పట్టను. అతని చోట నేనుంటే ఫోన్ నీళ్లలోకి విసిరేవాణ్ని.

ఏదో గుంజులాట వినిపించింది. తర్వాత వదిన గొంతు.

"మరిదీ, ఎటు పోవాలె చెప్పు."

"ఏయ్, వానికేం తెలుసే" అని అన్న వెనక నుంచి అంటున్నాడు.

"నీకు తెలుసా మరి?" అంది వదిన అతనితో. "గొర్లు తాగుతున్నయి గొర్లు తాగుతున్నయి అని ఈడ కూసోబెట్టినవు. ఈత రానిది నాకు. నేను యాడ అడుగు పెట్టాల్నో నేనే చూసుకుంట. నువ్వు చెప్పు మరిదీ."

ఆ క్షణంలో నాకు కలిగిన భయం అంతకుముందు ఎప్పుడూ ఎరగను. నేను చెప్పింది తప్పయితే ఆమె చచ్చిపోతుంది. ఒక ఆట బొమ్మను నమ్ముకుని, చేతులారా నేనే ఆమెను నీళ్లలోకి దింపుతున్నాను. చెప్పకపోతే అన్న చెయ్యి పట్టుకుని నేరుగా దిగుతుంది. చెప్పడం మొదలుపెట్టాను.

వంగిన రాయి దగ్గరికి పొమ్మన్నాను. ఒడ్డుకు వీపు పెట్టి దిగి, గానుగ రాయి కనబడేదాకా నేరుగా నడవమన్నాను. వదిన ఫోన్‌ను స్పీకర్లో పెట్టి నెత్తి మీద గుడ్డలో కట్టుకుంది. అన్న మెడలో గంట కట్టిన మేకను ముందు దింపాడు. మంద దాని వెనక వస్తుంది. అతను ఇంకా తిడుతూనే ఉన్నాడు, కానీ దిగాడు.

"మోకాలు లోతే ఉన్నది!" అని వదిన అరిచింది. "కింద గట్టిగున్నది మరిదీ, బండలున్నట్టున్నయి."

నాకు ఊపిరి తిరిగింది. మిగతా దారి సరిగ్గా చూసి చెబుదామని, ఒక చేత్తో డెమో మళ్లీ మొదలుపెట్టాను. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది, దాని అమ్మ కడుపు మాడ, ఎంతసేపు తిరుగుతుందో. చివరికి గవిని వచ్చింది. జంతువుల్ని వదిలేసి స్తంభం దగ్గరికి ఉరికాను.

అక్కడ ఎవరూ లేరు.

స్తంభం చుట్టూ తిరిగాను. గవిని వెనక చూశాను. వాన పడుతోంది, ముసలాయన లేడు. వీరురాలిని నీళ్లలోకి దింపాను. గానుగ రాయి కోసం చూస్తే అదీ లేదు. ఉత్త నీళ్లు.

"రాయేదో ఉంటదంటివి, యాడున్నది? ఏం కనబడ్తలేదు" అంటోంది వదిన. అక్కడ అది అప్పటికే మునిగిపోయి ఉండాలి.

రికార్డింగ్ గుర్తొచ్చింది. ఫైలు తెరిచి, ముసలాయన దిగిన చోటుకు జరిపాను. ఇప్పుడు చెప్పబోయేది ఎవరూ నమ్మరని తెలుసు. ఆ రికార్డింగులోనూ ఆయన లేడు. వీరురాలు ఒక్కతే నీళ్లలో నడుస్తోంది. ఆమె ముందు ఏమీ లేదు. నా గొంతు మాత్రం ఉంది. "ముసలోడు ఒడ్డు వదిలిపెట్టి వెనకకు పోతుండేందిరా" అని నవ్వుతోంది నా గొంతు.

ఆలోచించడానికి అప్పుడు తీరిక లేదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను, ఇంకో చెవికి ఫోన్. నా గొంతు అన్న ప్రతి మాటనూ వదినకు అప్పజెప్పాను. వాళ్లు ఆగితే ఆపాను, నడిస్తే నడిపాను.

"ఆ, గానుగ రాయి వచ్చింది, తాత కుడికి మళ్లిండు" అంది రికార్డింగ్. నేను ఆ మాట అందుకుని చెప్పబోయేంతలో వదిన అంది.

"మేక కుడికి మళ్లింది మరిదీ. మేం మళ్లించలే. ఎవరో పిలిచినట్టు మళ్లింది."

"మేక వెనకనే పోండ్రి వదినా. రెండు గుట్టల నడుమ సందు కనబడ్తుందా? దాని మీదనే చూపు పెట్టుండ్రి."

"కనబడ్తుంది."

"ఒక్క తాన రొమ్ముల దాంక వస్తయి. ఆగొద్దు. ఎడమకు ఒరుసుకొని..."

నీళ్ల చప్పుడు పెద్దగా వినిపించింది. గొర్రెలు అరిచాయి. అన్న "గట్టిగ పట్టుకో" అని కేకేశాడు. తర్వాత ఏమీ లేదు. ఫోన్ కట్టయింది.

మళ్లీ చేశాను. స్విచ్ఛాఫ్. అన్న నంబరుకు చేశాను. మోగలేదు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో చెప్పలేను. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. కింద రోడ్డు మీద కూరగాయల బండి పోతోంది. తెర మీద వీరురాలు ఒడ్డున ఆగిపోయి ఉంది. నేను దేవుణ్ని మొక్కేవాణ్ని కాదు, ఆ రోజు ఎవరెవరినో మొక్కాను. మనసంతా ఒకటే మాట: నేనే దింపాను, నేనే దింపాను. బస్సెక్కి పోదామన్నా ఫోన్ వస్తుందేమోనని కదల్లేకపోయాను.

చివరికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఒడ్డున ఎవరో పొలం ఆయన ఫోనట.

"ఒడ్డుకొచ్చినం" అన్నాడు అన్న. వదిన అందుకుని, "తిన్నవా మరిదీ?" అంది. అంతే, నేను బోరున ఏడ్చేశాను. స్నానాల గదిలోకి పోయి కుళాయి విప్పి ఏడ్చాను, పక్క గదివాళ్లకు వినబడకూడదని.

కొన్ని గొర్రెలు పోయాయి, అవన్నీ నేరుగా ఒడ్డుకేసి ఉరికినవి. వదిన ఒక గొర్రెపిల్లను చంకన పెట్టుకునే దాటింది.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. నా స్వభావం తెలుసు కదా. స్టూడియోలో నా పక్కన పనిచేసే అతనికి రికార్డింగ్ చూపించాను. "బగ్ అన్నా, గేము సగం వండిందే కదా, నీళ్ల మీద నేల పొరపాటున మిగిలి ఉంటది" అన్నాడు. అయ్యుండవచ్చు. మరి నేను చూసిన మనిషి? "వరసగా చచ్చి చచ్చి నీకే పిచ్చి లేచి ఉంటది" అన్నాడు. అదీ అయ్యుండవచ్చు.

ఆ డెమో ఆడిన వాళ్లందరినీ ఛానల్లో అడిగాను. అందరూ బయటపడింది ఒకటే దారిలో. గవిని వెనక విరిగిన పడవ ఉంటుందట, దాన్ని నెట్టుకుని ఎక్కాలట. నడిచి దాటినవాళ్లు ఒక్కరూ లేరు. గొంగడి మనిషిని చూసినవాళ్లూ లేరు. గానుగ రాయి అంటే ఏమిటని అడిగారు. నేను అదే దారిలో మళ్లీ మళ్లీ నడిచి చూశాను. ప్రతిసారీ మునిగాను.

మరుసటి ఎండాకాలం నీళ్లు తగ్గాక అన్నా నేనూ పోయి చూశాం. దిబ్బ వెనక నుంచి పాత ఊరి బండల బాట ఒకటి కట్టలాగా ఎత్తుగా పోయి, గానుగ రాయి దగ్గర కుడికి తిరిగి, సందులోంచి ఒడ్డెక్కుతుంది. దిబ్బ నుంచి ఒడ్డుకు నేరుగా పోతే మధ్యలో పెద్ద దిగుడు బావి. నోరు తెరుచుకుని ఉంది. అన్న దాని అంచున చాలాసేపు కూర్చున్నాడు. ఆట గురించి నన్ను ఆ రోజూ అడగలేదు, ఈ రోజుకూ అడగలేదు.

చిన్నప్పుడు ఎవరైనా ఆ మునిగిన ఊరి గురించి చెబితే విని మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. మా మేనత్తను అడిగాను. ఆ ఊళ్లో మాకు చుట్టాలు లేరు, మా ఇంటి నుంచి ఎవరూ అక్కడ ఉండలేదు. ఆ ముసలాయన మావాడు కాదు. మరి ఎవరు? ఎందుకు మాకు? మేక ఎవరి వెనక మళ్లింది?

ఆ వీడియో ఛానల్లో పెట్టలేదు. ముసలాయన సంగతి ఇంట్లో వదినకొక్కదానికే చెప్పాను. గేము మొత్తం వచ్చాక మాత్రం కొన్నాను. నా కోసం కాదు.

అన్న గొర్రెల్ని వదల్లేదు, నదిలోకి దిగడమూ వదల్లేదు. గడ్డి అక్కడే ఉంది, ఏం చేస్తాడు? ఇప్పుడు మైకు వినగానే మళ్లుతాడు, అది వేరే సంగతి. బయలుదేరే ముందు ప్రతిసారీ వదిన వనపర్తి బస్సెక్కి నా గదికి వస్తుంది. చెప్పులు విడిచి, కుర్చీ వద్దని, తెర ముందు కింద కూర్చుంటుంది.

"జర పెట్టు మరిదీ" అంటుంది.

నేను ఆ దిబ్బ తెరుస్తాను. వాన పడుతుంది. ఇద్దరం వంగిన స్తంభం కేసి చూస్తాం. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కన్ను ఆర్పకుండా చూస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు.

"ఎవరు లేరు గద. అయితే ఈ ఏడు ఏం కాదు" అని నవ్వి, ప్రాణం కుదుటపడి లేస్తుంది. నాకోసం తెచ్చిన సద్ది మూట విప్పుతుంది.

నేను తలూపుతాను. ఆ రోజు వాళ్లు నీళ్లలో ఉండగా నేను డెమో మళ్లీ తెరిచినప్పుడు కూడా ఆ స్తంభం దగ్గర ఎవరూ లేరు. ఆ మాట ఆమెకు ఇంతవరకు చెప్పలేదు.